అంచు తిరగేసే మేడం

మా మేడానికి ఒకటే జబ్బు. ఎవరు ఎదురుపడినా ముందు మొహం చూడరు. ఒంటి మీది బట్ట అంచు పట్టుకుని, తిరగేసి, లోపలి కుట్టు చూస్తారు. చొక్కా అయితే చేతి మడత, గౌను అయితే కింది అంచు, కోటు అయితే కాలరు. ఎదుటి మనిషి పలకరించి, నవ్వి, ఆ నవ్వుని ఇంకెంతసేపు మోయాలో తెలియక నిలబడ్డాక అప్పుడు తల ఎత్తి "బాగున్నారా?" అంటారు. ఆ వెంటనే రెండో ప్రశ్న, "ఇది ఎవరు కుట్టారు?"

నూటికి తొంభై మంది "తెలీదండీ, కొన్నాం" అనేవారు. అప్పుడు మేడం "అయ్యో" అనేవారు. కన్నతల్లి ఎవరో తెలియదని చెప్పినవాళ్ళని చూసి జాలిపడ్డట్టు ఉండేది ఆ అనడం.

విశ్వవిద్యాలయంలో నేను ఫ్యాషన్, టెక్స్‌టైల్ మేనేజ్‌మెంట్ చదివినన్నాళ్ళూ మాకు ఉత్పత్తి పాఠాలు చెప్పింది ఈవిడే. ఆ చదువు పేరు వినగానే జనం మాకేదో అద్దాల మేడల్లో అందగత్తెల మధ్య తిరిగే యోగం పట్టిందనుకునేవారు. మా అమ్మ అలాగే అనుకుని నాలుగు వీధులూ చాటింపు వేసింది. నిజానికి మేం నేర్చుకున్నది తానులో ఎన్ని ముక్కలు వస్తాయి, ఉతికితే బట్ట ఎంత కుంచించుకుపోతుంది, గుండీలు వేళకి రాకపోతే ఆ పాపం ఎవరి నెత్తిన పడుతుంది, ఇలాంటివి. అందగత్తెల సంగతి ఎందుకు, పరీక్షల రోజుల్లో మేమే తల దువ్వుకోవడం మర్చిపోయేవాళ్ళం.

మేడం జబ్బుకి సమయం, సందర్భం ఉండేవి కావు. ఒకసారి బట్టల కంపెనీ యజమాని ఒకాయన మా కాలేజీకి ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చారు. తమ కంపెనీ నాణ్యత గురించి మైకు ముందు అరగంట ఊదరగొడుతున్నారు. పక్క కుర్చీలో ఉన్న మేడం మెల్లిగా ఆయన కోటు చేతి అంచు తిరగేశారు. చూశారు. "ఇది మీ కంపెనీది కాదే" అన్నారు, మైకులో అందరికీ వినబడేటట్టు. ఆయన గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు. కోటు పోటీ కంపెనీది. "పైన పటారం, లోన లొటారం" అని మేడం గొణిగింది కూడా మైకు వదల్లేదు.

ఇంకోసారి మేమంతా ఎక్కడపడితే అక్కడ రోడ్డు దాటుతున్నామని పోలీసాయన ఆపాడు. మేడం ఆయన జేబు మూత తిరగేసి, దారం బిగువు ఎక్కువైందని, ఉతికినప్పుడల్లా ముడుచుకుంటుందని వివరంగా చెప్పారు. ఆయన కూడా జేబు చూసుకుంటూ, తన పాత చొక్కాకి ఇలా ఉండేది కాదని కష్టసుఖాలు చెప్పుకున్నాడు. వెనక బళ్ళు బారులు తీరి హారన్లు కొడుతున్నాయి. చివరికి మమ్మల్ని దగ్గరుండి రోడ్డు దాటించి పంపాడు.

మా అమ్మ ఒకరోజు నన్ను చూడ్డానికి వచ్చింది. నలుగురిలో బాగుండాలని కొత్త కోటు కొనుక్కుని, దానికి తగ్గట్టు నడక కూడా మార్చుకుని వచ్చింది. మేడం సరాసరి కాలరు పట్టుకున్నారు. దొంగని పట్టుకున్నట్టు అలా పట్టుకున్నారేమిటే అని ఆ తర్వాత వారం రోజులు నన్ను సతాయించింది. అయితే ఆ మధ్యాహ్నమంతా ఇద్దరూ కలిసి మా హాస్టల్ కిటికీ తెరలన్నీ తిరగేసి చూశారన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అసలు నాకు ఆవిడ పరిచయమైందే అలా. సీటు కోసం ఇంటర్వ్యూకి వెళ్ళాను. మా శాఖ పెద్దాయన "ఫ్యాషన్ అంటే ఏమిటమ్మా?" అని అడిగారు. ఇంటి దగ్గర బట్టీపట్టిన జవాబు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. నేను "అంటే... బట్టలు" అన్నాను. పెద్దాయన తర్వాతి వాళ్ళని పిలవమన్నట్టు తల తిప్పుకున్నారు. అప్పుడు బల్ల చివర కూర్చున్న ఒకావిడ లేచి వచ్చి, నా ముందు నేల మీద గొంతుక్కూర్చుని, నా గౌను అంచు తిరగేసి చూసి, తిరిగి వెళ్ళి తన చోట కూర్చున్నారు. ఆ గౌను అంచు నేనే కుట్టుకున్నాను, వంకరటింకరగా. జవాబు పోతే పోయింది, పరువు కూడా పోయిందని ఏడుస్తూ ఇంటికెళ్ళాను. తీరా సీటు వచ్చింది. ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. కొత్త బూట్లు వేసుకెళ్ళడం వల్లేనని మా అమ్మ తీర్మానించింది.

చివరి ఏడాది మాకు నిజమైన ఆర్డరు ఒకటి అప్పజెబుతారు. బట్ట కొనడం నుంచి పెట్టెలో సర్దడం దాకా అన్నీ మేమే చెయ్యాలి. ఆ ఏడు ఒక గాయక బృందం వాళ్ళు కచేరీకి పొడుగు వెల్వెట్ గౌన్లు కావాలన్నారు. ముదురు ఎరుపు రంగు, ఆడా మగా అందరికీ ఒకటే తీరు. మేనేజర్ని నేను. ఆర్డరు సవ్యంగా అందిందని బృందం పెద్ద ఒప్పుకుంటే ఒక పేరున్న కంపెనీలో నాకు ఉద్యోగం. లేకపోతే లేదు. మా అమ్మ యథాప్రకారం ముందే నాలుగు వీధులూ తిరిగొచ్చింది కాబట్టి, నాకు ఉద్యోగం రాకపోతే మేం ఇల్లు మారాల్సి వచ్చేది.

గౌన్లు కత్తిరించే వారం మేడం పంటి నొప్పితో సెలవు పెట్టారు. ఆవిడ పళ్ళ డాక్టరు మా కాలేజీ ఆస్పత్రికి కూడా వచ్చేవాడు, ఆయనే మాకు చెప్పాడు. కుర్చీలో నోరు తెరుచుకుని పడుకుని కూడా మేడం ఆయన ఆప్రాన్ అంచు తిరగేశారట. "నొప్పి పుడితే చెయ్యి ఎత్తమన్నాను గానీ నా ఆప్రాన్ ఎత్తమన్నానా?" అని వాపోయాడు.

వెల్వెట్‌కి నూగు ఉంటుంది. పిల్లి వీపు లాంటిదే. ఒకవైపు నిమిరితే మెత్తగా ఉంటుంది, ఎదురు నిమిరితే గరుగ్గా తగులుతుంది. నూగు పైకి ఉండేటట్టు కత్తిరించిన ముక్క ముదురుగా, కిందికి ఉన్న ముక్క లేతగా కనబడుతుంది. అందుకే ముక్కలన్నీ ఒకే దిక్కుకి పరిచి కత్తిరించాలి. ఇది మేడం మొదటి ఏడాదిలోనే చెప్పారు, నేను పరీక్షలో రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ ముక్కల అమరిక గీసేది కంప్యూటర్ మీద, ఆ తెర మీద ముక్కలకి నూగు ఉండదు, ఉత్త గీతలే ఉంటాయి. ఒక గౌనుకి ఎడమ సగం తల పైకి, కుడి సగం తలకిందులుగా, పక్క గౌనుకి దానికి ఎదురుగా అమరిస్తే బోలెడు బట్ట ఆదా అయింది. పెద్దాయన నా భుజం తట్టారు. నేను ఆ సాయంత్రమంతా నేల మీద నడవలేదు.

గౌన్లు కుట్టడం అయింది. గదిలో మామూలు వెలుతురులో బాగానే ఉన్నాయి. కచేరీకి మూడు రోజుల ముందు బృందాన్ని వేదిక మీద నిలబెట్టి దీపాలు వేశారు. ఒక్కొక్క మనిషీ నిలువునా రెండు ముక్కలు. సగం ఎండలో, సగం నీడలో నిలబడ్డట్టున్నారు. బృందం పెద్ద కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశారు.

"ఇది కొత్త ఫ్యాషనా అమ్మా?" అని అడిగారు.

నా పక్కనున్న స్నేహితురాలు నన్ను కాపాడాలని "అవునండీ" అంది.

"అయితే మాకు పాతదే ఇవ్వండి" అన్నారాయన.

సరిగ్గా అప్పుడే మేడం వచ్చారు, వాచిన బుగ్గకి గుడ్డ కట్టుకుని. పాటగాళ్ళందరినీ వరసలో నిలబెట్టి, ఒక్కొక్కరి అంచూ తిరగేసుకుంటూ పోయారు. అరచేత్తో పైకొకసారి, కిందికొకసారి నిమిరారు. "ఎవరు కుట్టారు?" అని మాత్రం అడగలేదు. అడగకపోవడమే నాకు దెబ్బలా తగిలింది.

గౌన్లన్నీ నమూనాలు కుట్టే మా శాంపిల్ గదికి తెచ్చి కుప్పపోశారు. అక్కడ కుట్టు పనంతా చూసే ఆవిడని మేం అక్క అని పిలిచేవాళ్ళం. అక్క ముందు, మేడం ముందు నేను ఏడుపు ఆపుకోలేక అనేశాను.

"నావల్ల కాదు మేడం. నేను మానేసి ఇంటికెళ్ళిపోతాను. అసలు నాకు సీటివ్వడమే పొరపాటు."

మేడం కుర్చీ లాక్కుని కూర్చున్నారు. నోరు సగమే తెరుచుకుంటోంది, అయినా మాట్లాడారు.

"ఆ రోజు నీ గౌను అంచు చూశాను గుర్తుందా? కుట్టు ఘోరంగా ఉంది."

"గుర్తుంది మేడం."

"ఆ కుట్టు పక్కన పాత సూది బెజ్జాలు మూడు వరసలున్నాయి. బాగా రాలేదని మూడుసార్లు విప్పి మళ్ళీ కుట్టావు. ఎవరూ చూడని లోపలి వైపు. కుట్టడం నేను నేర్పగలను. బాగాలేదని తెలిసి విప్పే బుద్ధి నేనెక్కణ్ణించి తెచ్చి పెట్టను? అది చూసే పట్టుబట్టి నీకు సీటిప్పించాను."

సంచిలోంచి కుట్లు విప్పే చిన్న కత్తి తీసి నా చేతిలో పెట్టారు. "నీకొచ్చిన పనే. విప్పు" అని బుగ్గ పట్టుకుని లేచారు.

నేను, అక్క ఎదురెదురుగా కూర్చుని విప్పడం మొదలెట్టాం. ఏం చెయ్యడానికి విప్పుతున్నామో ఇద్దరికీ తెలియదు. ముక్కు చీదుకుంటూ విప్పుతుంటే అక్క నవ్వింది.

"నన్నూ అలాగే పట్టుకున్నారమ్మాయ్. మా ఆయన గేటు దగ్గర వాచ్‌మన్ కదా. ఆయన చొక్కా చెయ్యి తిరగేసి, ఈ చిరుగు ఎవరు కుట్టారు అన్నారంట. మా ఆవిడండీ అన్నాడు. మర్నాడు పొద్దున్న మా గుమ్మంలో ఉన్నారు. పనిలోకి వస్తావా అని అడిగారు. నేను తలుపు తీసేసరికి తలుపు పరదా తిరగేసి చూస్తున్నారు."

కటింగ్ గదిలో మేం మామయ్య అని పిలిచే ఆయన కూడా అలాగే వచ్చాడట, మేడం పూల కొట్టాయన చొక్కా మడత తిరగేసి ఆరా తీస్తే. అల్లికలు నేర్పే పెద్దావిడ ఎవరిదో పసిపిల్ల టోపీ వల్ల వచ్చిందట. "తెలీదండీ" అన్న తొంభై మందిని చూసి ఇన్నేళ్ళూ పడి పడి నవ్వాం మేం. "ఫలానావాళ్ళు కుట్టారండీ" అని చెప్పిన మిగతా పదిమంది మాటలు పట్టుకుని మేడం ఎక్కడెక్కడికి వెళ్ళారో ఒక్కళ్ళమూ చూడలేదు. ఆ గదిలో మిషన్ల ముందు కూర్చున్నవాళ్ళంతా ఒకప్పుడు ఎవరి ఒంటి మీదో ఒక కుట్టు. నేనూ అంతే. ఆ సంగతి తట్టాక ఏడుపు ఆగిపోయింది, చెయ్యి జోరందుకుంది.

మధ్యాహ్నానికి ముక్కలు కుప్పలయ్యాయి. రెండు గౌన్ల ఎడమ ముక్కలు నా ముందు పక్కపక్కన పడి ఉన్నాయి. ఒకటి ముదురు, ఒకటి లేత. వాటి కుడి ముక్కలు చూశాను. ఒకటి లేత, ఒకటి ముదురు. చేతిలో కత్తి అలాగే పట్టుకుని మేడం గదికి పరిగెత్తాను.

"మేడం, పక్కపక్క గౌన్ల ఎడమ ముక్కలు మార్చి కుట్టేస్తే సరి. సగం గౌన్లు పూర్తిగా ముదురు, సగం పూర్తిగా లేత. అందరికీ ఒకే కొలత, ఒకే తీరు కాబట్టి సరిపోతాయి."

"మరి ముదురు గౌనూ లేత గౌనూ పక్కపక్కన నిలబడితే?"

"నిలబడరు మేడం. పైస్థాయిలో పాడే సగం మంది ఒక పక్క, కిందిస్థాయిలో పాడే సగం మంది ఇంకో పక్క కదా నిలబడేది."

మేడం నవ్వబోయి, పన్ను గుర్తొచ్చి ఆగారు. పాత కుట్టు గుర్తులు పోవాలంటే ఏం చెయ్యాలని అడిగారు. తిరగేసి లోపలి వైపు నుంచి ఆవిరి పట్టాలి మేడం, అప్పుడు నూగు లేస్తుంది అన్నాను. "తిరగేసి" అన్న మాట ఆవిడ మొహంలో పండగలా వెలిగింది.

కచేరీ నాడు లేత ఎరుపు ఒక పక్క, ముదురు ఎరుపు ఒక పక్క నిలబడి పాడుతుంటే చూసినవాళ్ళు ఇలా ముందే అనుకుని చేశారనుకున్నారు. బృందం పెద్ద నా దగ్గరకొచ్చి, ఇంత మంచి ఆలోచన ఉంటే ఆ మొదటి రోజు ఆ భయంకరమైన గౌన్లు చూపించి హడలగొట్టడమెందుకమ్మా అని మందలించారు. ఆర్డరు బాగుందని మా పెద్దాయనతో చెప్పారు. నాకు ఉద్యోగం వచ్చింది, మా అమ్మ ఇల్లు మారే పని తప్పింది.

మొన్న మేడం పదవీ విరమణ చేశారు. ఏ బహుమతి ఇవ్వాలో మాకెవరికీ తోచలేదు. ఏదిచ్చినా తిరగేసి వంక పెడతారని భయం. ఆఖరికి పాత విద్యార్థులందరం ఒక పని చేశాం. బట్టలన్నీ తిరగేసి తొడుక్కుని వెళ్ళాం. కుట్లన్నీ బయటికి, దారాలు వేలాడుతూ. పెద్దాయన కూడా కోటు తిరగేసుకొచ్చి, జేబు ఎక్కడుందో దొరక్క కళ్ళద్దాలు చేత్తో పట్టుకుని తిరిగారు. మా అమ్మ అయితే తన కోటు తిరగేసుకుంది. మెడ వెనక కొలత చీటీ నాలుగు వీధులకీ కనబడింది.

మేడం గుమ్మంలోకి వచ్చారు. అలవాటుగా చెయ్యి చాపారు. తిరగెయ్యడానికి ఏమీ లేదు. చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది. తర్వాత వరసగా అందరి మొహాలూ చూసుకుంటూ వచ్చారు. ఆవిడ ముందుగా మా మొహాలు చూడటం అదే మొదటిసారి.

నా దగ్గరికొచ్చి ఆగారు. "ఇది ఎవరు కుట్టారు?" అన్నారు.

"నేనే మేడం."

"ఎన్నిసార్లు విప్పావు?"

"రెండుసార్లు మేడం."

ఎప్పట్నించో చెప్పాలనుకున్నది చెప్పేశాను. మేడం, మీరు అంచు చూడకపోతే నేనీపాటికి ఎక్కడుండేదాన్నో తెలియదు, నా అన్నం మీరు పెట్టినట్టే, ఈ జన్మలో మర్చిపోను అన్నాను. ఆవిడ విన్నారో లేదో మరి. అప్పటికే మా అమ్మ కోటు మీదికి వంగి, చీటీ పక్కన కుట్టు చూస్తున్నారు. అక్కణ్ణించే, తల ఎత్తకుండా అన్నారు.

"రెండు కాదు, మూడు. భుజం దగ్గర చూశాను."