మచ్చ పడని నీళ్లు

"ఈ తెల్ల పొర పాప కడుపులో కూడా ఇలాగే పేరుకుంటుందేమో."

కెటిల్‌ని కిటికీ వెలుగులోకి వంచి పట్టుకుని అతను అన్న మాట అది. అతను రసాయనశాస్త్రం చదువుకున్నవాడు, రంగుల కంపెనీలో నాణ్యత చూసే ఉద్యోగి, ఏడాదిన్నర పిల్లకు తండ్రి. కెటిల్ అడుగున పేరుకున్నది సున్నమేనని, పంపు నీళ్లలో కరిగి ఉన్న ఖనిజాలు కాగినప్పుడు అలా మిగిలిపోతాయని అతనికి తెలుసు. ఒకప్పుడు పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతే. కానీ పిల్ల పుట్టాక అతనికి తెలిసిన ప్రతి సంగతీ ఒక కొత్త భయానికి దారి చూపిస్తోంది.

పిల్లకు గౌను తొడుగుతున్న భార్య, ఆ లెక్కన మన కడుపుల్లో ఈపాటికి గోడలు లేచి ఉండాలంది. అతను నవ్వలేదు. పంపు నీళ్లు మిశ్రమం, మిశ్రమంలో ఏమేం కలిశాయో ఎవరు చూడొచ్చారు? శుద్ధ పదార్థమైతే ఆ బెంగ లేదు. ఏ చుక్క తీసినా ఒకటే, ఎంత కాచినా అడుగున ఏమీ మిగలదు. ఆలోచన అక్కడిదాకా వెళ్లాక కాళ్లు ఆగలేదు. ఆ సాయంత్రమే డిస్టిల్డ్ వాటర్ వెతుక్కుంటూ బయల్దేరి, మూడు వీధుల అవతల ఆవిరత్త షెడ్డు ముందు తేలాడు.

ఆవిరత్తకు అమ్మానాన్నలు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, అది కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడదు. బ్యాటరీలు బాగుచేసే కొట్టు వెనక రేకుల షెడ్డు ఆమెది. ఒక మూల మూత బిగించిన పెద్ద బాయిలర్, దాని మెడలోంచి బయల్దేరి చన్నీళ్ల డ్రమ్ములో పాములా చుట్టలు తిరిగి అడుగున బయటపడే రాగి గొట్టం, దాని కింద గరాటు, గరాటు కింద తెల్ల క్యాను. చుక్క పడుతూనే ఉంటుంది. అరవై దాటిన మనిషి, కళ్లజోడు తాడుతో మెడకు కట్టుకుని, ఆ చుక్కల చప్పుడు వింటూ స్టూలు మీద కూర్చుంటుంది. చప్పుడు కాస్త తడబడితే చాలు, మంట ఎక్కువైందో, డ్రమ్ములో నీళ్లు వేడెక్కాయో చూడకుండానే చెప్పేస్తుంది.

ఆమె భర్త బ్యాటరీ మెకానిక్. ఆమ్లం చిందీ చిందీ ఆయన బట్టలు ఉతికితే చొక్కా కాక జల్లెడ మిగిలేదట. పెళ్లైన రెండో ఏడు వ్యాన్లు తిప్పే ఒకాయన ఆరు బ్యాటరీలు తెచ్చి గుమ్మంలో వరసగా పెట్టి, మీరు ముట్టుకున్నాకే ఇవి చచ్చాయని నలుగురూ వినేలా అన్నాడు. ఆ మాట నిజమే. ఆ రోజుల్లో మెకానిక్ బ్యాటరీల్లో బావి నీళ్లే పోసేవాడు, వాటిలోని ఉప్పులు పలకల్ని తినేసేవి. మొగుడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు ఆమె గిన్నె మీద మూత తీస్తుంటే మూతకు పట్టిన చెమట చుక్క ఒకటి పక్కనున్న అద్దం మీద పడి ఆరిపోయింది. మచ్చ లేదు. చేతినుంచి జారిన బావి నీటి చుక్క ఆరిన చోట మాత్రం తెల్లగా ఉంగరంలా గీత మిగిలింది. బ్యాటరీకి కావలసింది మూతకు పట్టిన నీళ్లేనని ఆమెకు అక్కడే తోచింది. ముందు గిన్నె, తర్వాత గొట్టం, ఆ తర్వాత డ్రమ్ము, ఒక్కొక్కటే చేరాయి. మెకానిక్ పోయి చాలా ఏళ్లయింది. కొట్టు ఇంకొకరు నడుపుతున్నారు. షెడ్డు మాత్రం ఆమె చేతిలోనే ఉంది.

ఇప్పటికీ క్యాను నిండగానే ఒక చుక్క అద్దం పలక మీద వేసి, ఆరనిచ్చి, వెలుగుకు ఎత్తి చూస్తుంది. మచ్చ లేకపోతే అమ్మకానికి. మచ్చ పడితే నేల కడగడానికి.

దేనికి బాబూ అని ఆమె మొదటి రోజే అడిగింది. పిల్లకు తాగించడానికని చెబితే నవ్వుతుందేమోనని అతను, ఇన్వర్టర్ బ్యాటరీకని చెప్పేశాడు. చిన్న అబద్ధమే కదా అనుకున్నాడు.

క్యాను నిండేలోగా కబుర్లు సాగేవి. ఆవిరత్త లోకంలోని వస్తువులన్నిటినీ రెండే కుప్పలు పోసింది: ఒంటివి, కలిసినవి. రాగి గొట్టం ఒంటిది. ఇత్తడి కుళాయి కలిసినది, అందులో రాగీ జింకూ ఉన్నాయి. పంచదార ఒంటిది. పాలు, సబ్బు, స్టీలు గ్లాసు, పీల్చే గాలి, అన్నీ కలిసినవే. అతను చదువుకున్న మొదటి పాఠాన్ని ఆమె పుస్తకం ముట్టకుండా కనిపెట్టినందుకు అతనికి ముచ్చటేసింది. ఉప్పు కూడా ఒంటిదేగా అత్తా అన్నాడొకసారి. ఆమె కళ్లజోడు పైనుంచి చూసింది.

"అంగట్లో ఉప్పుకి అయోడిన్ కలుపుతారు. చదువుకున్నవాడివి, ప్యాకెట్ అయినా చదవొద్దూ?"

ఆ దెబ్బ తీర్చుకోవడానికి అతను, నీళ్లలో హైడ్రోజన్, ఆక్సిజన్ అని రెండున్నాయని చెప్పాడు. రెండున్నప్పుడు ఒంటిదెలా అవుతుందని ఆమె నిలదీసింది. అవి పక్కపక్కన కూర్చున్నవి కావని, ఒకదానికొకటి కట్టుబడి మూడో వస్తువైపోయాయని, కాచినా వడగట్టినా విడిపోవని వివరించాడు. ఆమె గరాటు సర్దుతూ అంది:

"అయితే మా ఆయనా నేనూ కూడా ఒంటిదే. ఎంత కాగినా విడిపోలేదు."

అలా మూడు వారాలు గడిచాయి. రెండు క్యాన్లు అయిపోయి మూడోది మొదలైంది. ఆ నీళ్లతోనే పిల్లకు జావ కాస్తున్నాడు, గ్లాసులోనూ అవే పోస్తున్నాడు. పిల్ల జావ తాగేది గానీ, గ్లాసు నీళ్లు మాత్రం ఒక గుక్క పుచ్చుకుని అతని చొక్కా మీద ఉమ్మేసేది. చప్పగా ఉంటాయి మరి. రంగుల కంపెనీకి రంగులేని మరకల చొక్కా వేసుకెళ్లేది మీరొక్కరే అని భార్య దెప్పేది.

ఒక ఆదివారం పొద్దున తలుపు చప్పుడైంది. భార్య తీసింది. ఎదురుగా ఆవిరత్త, చేతిలో బ్యాటరీ ఆమ్లం చిక్కదనం చూసే గాజు గొట్టం. ఇల్లు కనుక్కుని మెట్లెక్కి వచ్చిన ఆయాసంతోనే, మీ ఇన్వర్టర్‌కి దాహం మరీ ఎక్కువైందమ్మా, బస్సు డిపో కూడా ఇన్ని నీళ్లు తాగదు, ఎక్కడో కారుతోంది, ఇంట్లో పిల్లలున్నారేమో అని భయమేసి వచ్చానంది.

"మాకు ఇన్వర్టర్ ఎక్కడుందండీ?" అంది భార్య.

అతను వంటింట్లోంచి బయటకు వచ్చాడు. ఆవిరత్త చూపు అతన్ని దాటి గట్టు మీదున్న తెల్ల క్యాను మీద పడింది. క్యాను పక్కన రెండు చేతుల బుల్లి గ్లాసు. గ్లాసు కింద, నేల మీద కూర్చుని చెంచా కొడుతున్న పిల్ల. ముసలావిడ మొహంలో రంగు మారింది. గొట్టాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, అక్కడే కుర్చీలో కూలబడింది.

"ఎన్నాళ్ల నుంచి?"

అతను చెప్పాడు. మీ అద్దం మీద మచ్చే పడదు కదా అని కూడా గొణిగాడు.

"నా అద్దానికి కంటికి కనబడేదే తెలుస్తుంది నాయనా. గొట్టం మలుపు దగ్గర పగిలితే నేనే టంకం పెట్టాను. ఆ టంకంలో సగానికి పైగా సీసం. బ్యాటరీలో పలకలే సీసం కాబట్టి దానికి మరో పిసరు తగిలినా నొప్పి లేదు. నోటికని చెబితే నేను చుక్క ఇచ్చేదాన్నా?"

సీసం పిల్లల మెదడుకు ఏం చేస్తుందో అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఏమీ కలవని నీళ్లు తగిలిన లోహాన్ని కొంచెం కొంచెం కొరుక్కుతింటాయనీ తెలుసు. పంపు నీళ్లలో సున్నానికి జడిసి, టంకం మీదుగా జారిన నీళ్లతో మూడు వారాలు జావ కాచాడు. చదువంతా ఉండి, ఆ నీళ్లు ఏ దారిన వస్తున్నాయని ఒక్కసారైనా గొట్టం వైపు తల తిప్పి చూడలేదు.

భార్య పిల్లను ఎత్తుకుని, డాక్టర్ దగ్గరికి పదండి అంది. తిట్టి ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. ఆవిరత్త మిగిలిన క్యాను తానే మోసుకుంటూ దిగిపోయింది.

రక్తం తీసి పంపారు. ఫలితానికి నాలుగు రోజులన్నారు. ఆ నాలుగు రోజులూ అతను పిల్ల వేసే ప్రతి అడుగునూ, పలికే ప్రతి మాటనూ పరీక్ష పేపరు దిద్దినట్టు చూశాడు. పిల్ల మాత్రం వాళ్లమ్మ కాచి చల్లార్చిన పంపు నీళ్లు గటగటా తాగి, ఇంకా అని గ్లాసు చాచింది. అదే ఊపులో అతను పంపు నీళ్లను కూడా పరీక్షశాలకు ఇచ్చి వచ్చాడు.

అయిదో రోజు డాక్టర్ కాగితం తిప్పి చూపించాడు. సీసం లెక్కలోకి రానంత తక్కువ. పిల్లకు ఏ నష్టమూ లేదు, ఇకమీదట ఆ నీళ్లు వద్దు అన్నాడు. పంపు నీళ్ల కాగితమూ వచ్చింది. సున్నం ఉంది, ఉండాల్సినంతే ఉంది.

ఆ మాట చెప్పడానికి అతను పిల్లను భుజాన వేసుకుని నేరుగా షెడ్డుకు వెళ్లాడు. ఆవిరత్త నేల మీద కూర్చుని, ఎర్ర రంగులో కుంచె ముంచి, క్యాన్ల మీద 'తాగడానికి కాదు' అని రాస్తోంది. ఈ నాలుగు రోజుల్లో నలభై రాసిందట. అతను చెప్పింది విని కుంచె పక్కన పెట్టి, కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఇన్నేళ్లలో ఎవరైనా తాగుతారన్న ఊహే తనకు రాలేదని, తప్పు తనదీ ఉందని అంది. అబద్ధం చెప్పింది నేను కదత్తా అన్నాడు అతను. ఆమె కాదనలేదు. చేతులకు రంగు అంటి ఉంది కాబట్టి మోచేత్తోనే పిల్ల బుగ్గ నిమిరింది. పిల్ల ఆమె కళ్లజోడు తాడు పట్టుకుని లాగి, వదలనంది. లాగనీ, తాడుదేముంది అని ఆమె మెడ వంచింది.

అలా మెడ వంచుకునే ఆమె అతనికి ఒక మాట చెప్పింది. దాన్ని అతను ఇప్పుడు తు.చ. తప్పకుండా పాటిస్తున్నాడు. మొన్న పిల్ల మంచానికి వార్నిష్ కొనడానికి వెళ్లినప్పుడు, అడగకముందే, మా పాప మంచం కమ్మీ కొరుకుతుందండీ అని చెప్పాడు. కొట్టువాడు చేతిలోకి తీసిన డబ్బా వెనక్కి పెట్టి ఇంకొకటి ఇచ్చాడు. మందుల షాపులో, గిన్నెల షాపులో, బొమ్మల షాపులో అదే వరస. మీరు ఊరందరికీ మన ఇంటి చరిత్ర చెబుతున్నారని భార్య నవ్వుతుంది. అతను పట్టించుకోడు. ఆవిరత్త ఆ రోజు చెప్పింది ఇదే:

"ఏది కొన్నా, దేనికో నిజం చెప్పి కొను నాయనా. అమ్మేవాడికి వాడి సరుకు సంగతి తెలుస్తుంది, నీ ఇంటి సంగతి నువ్వు చెబితేనే తెలుస్తుంది."