అత్త తోమిన ఆకులు

కుళ్లిన ఆకుల మీద చేరే బాక్టీరియా గురించి పరిశోధన చేశాను. ఈ ఒక్క ముక్క చెప్పి పలాసలో ఒక పెళ్లిచూపులు చెడగొట్టుకున్నాను కూడా. ఏం చదువుతున్నావని అబ్బాయి తాతగారు అడిగితే సైన్సని ఊరుకోవచ్చు కదా! నీళ్లలో పడ్డ ఆకుకి నాలుగు రోజుల్లో జిగురు పడుతుందనీ, ఆ జిగురంతా ప్రాణులేననీ, ముందొచ్చినవి తగ్గి కొన్నాళ్లకి వేరే జాతులు చేరతాయనీ, ఆకుని మెత్తబరిచి పురుగులకి తిండిగా మార్చేవి అవేననీ ఉత్సాహంగా చెప్పుకొచ్చాను. ఆయన ఉప్మా ప్లేటు కింద పెట్టేశాడు.

ఉద్దానంలో మా మేనత్త జీడితోట పక్కనుంచి ఒక గెడ్డ పారుతుంది. చిన్న వాగే, వానాకాలం పోయాక కొన్నాళ్లకి ఎండిపోతుంది. వల గుడ్డతో సంచులు కుట్టి, రాలిన జీడాకులు నింపి, ఆ గెడ్డలో రాళ్లకి కట్టాను. ప్రతి ఆదివారం విశాఖ నుంచి రైల్లో పలాస వచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లి, మూడేసి సంచులు తీసుకెళ్లి ఆ జిగురులో ఏవేవి చేరాయో లెక్కపెట్టాలి. ఎనిమిది వారాల పని. ఆ వేసవిలోగా థీసిస్ ఇవ్వకపోతే నా రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. అంటే ఆరేళ్ల చదువూ ఆ సంచుల్లోనే ఉంది. వాటికి కాపలా మా అత్త.

అత్తకి నేల మీద ఆకు కనబడితే చెయ్యి ఊరుకోదు. చెట్ల కింద ఊడవకపోతే రాలిన జీడిపిక్కలు కనబడవు కాబట్టి, కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆకులు ఊడుస్తూనే ఉంది. అది తెలిసీ ఆవిడకి ఆకులు అప్పగించిన నా తెలివికి విడిగా ఒక డాక్టరేట్ ఇవ్వాలి.

ఐదో ఆదివారం వెళ్లేసరికి ఆకులు తళతళలాడుతున్నాయి. అత్త కుట్లు విప్పి, ఒక్కో ఆకునీ కొబ్బరిపీచుతో తోమి, మళ్లీ నాకంటే చక్కగా కుట్టి నీళ్లలో పెట్టింది. ఒక్క సంచీ వదల్లేదు.

"ఏటత్తా ఇది?" అని అరిచాను.

"పాచి పట్టీసినాయే గుంటా! అలాటివి అట్టుకెల్తే మీ సారు ఏటనుకుంటాడు? మా ఊరోలు ఇంత మురికోలా అనుకోడా? నడుం పడిపోనాది గానీ, ఒక్కటీ ఒగ్గనేదు."

ఒళ్లు మండిపోయింది. ఏడ్చాను. తన కష్టం చూసి ఏడుస్తున్నాననుకుని కొంగుతో నా మొహం కూడా శుభ్రంగా తుడిచింది.

మళ్లీ మొదటినుంచి కడదామంటే గెడ్డలో ఎనిమిది వారాలకి సరిపడా నీళ్లుండవు. గైడుకి ఫోన్ చేశాను.

"నాలుగు వారాలవి ఉన్నాయి కదమ్మా? గ్రాఫులో గీత ఎటు పోతోందో తెలుస్తూనే ఉంది. మిగతాది నువ్వే లాగెయ్. గెడ్డలో దిగి చూసేవాడెవడు?" అన్నారాయన.

రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో రోజు భోంచేసి, గీత లాగేశాను. నేను పుట్టించిన బాక్టీరియా అసలువాటికంటే బుద్ధిమంతులు. చెప్పిన వారానికి వచ్చాయి, చెప్పిన వారానికి పోయాయి. వైవాకి వచ్చిన పెద్ద ప్రొఫెసరు ఐదో వారం నుంచి గీత ఎంత సాఫీగా సాగిందో చూపించి మరీ మెచ్చుకున్నారు.

డాక్టరేట్ వచ్చాక టెక్కలిలో మా ఇంట్లో భోజనాలు పెట్టాం. గైడూ వచ్చారు. అత్త తిన్నగా ఆయన విస్తరి ముందుకెళ్లి రెండు చేతులూ చాపింది.

"ఆ ఆకులన్నీ ఈ సేతుల్తోనే తోమినాను బాబూ. పాచి రవ్వంత ఒగ్గనేదు. నాను తోమబట్టే మా గుంట డాట్రయిపోనాది."

పంక్తి అంతా నవ్వింది. గైడు అందరికంటే గట్టిగా నవ్వి, ఇంకో లడ్డూ వేయించుకున్నారు.

థీసిస్‌లో లేని మాట అది. అత్త ఇప్పటికీ ఊళ్లో కనబడ్డవాళ్లందరికీ చెబుతూనే ఉంది. నేను పక్కనుంటే తల దించుకుంటాను. ఇంత చదివినా ఎంత అణకువో అంటారు జనం.