బాలామణి ఇచ్చిన బాప్తిస్మం

బాలామణికి దేవుడంటే ముందు భయం, ఆ తరువాతే భక్తి. కోరాపుట్ కొండల్లో కకిరిగుమ్మ రైల్వే స్టేషను వెనక రేకుల కప్పుతో ఉన్న చిన్న చర్చికి ఆమె భర్త ధనుంజయ సంఘపెద్ద. పెళ్ళయి బంధుగాం నుంచి వచ్చింది మొదలు ఆ చర్చి ఊడ్చేది ఆమె, గంట కొట్టేది ఆమె. కాని రొట్టె, ద్రాక్షరసం ఉంచే ప్రభువు బల్ల ముందున్న కొయ్య కంచె దగ్గరికి వచ్చేసరికి చీపురు ఆగిపోయేది. ఆ లోపల అడుగుపెట్టడానికి అయ్యగారు ఒక్కరికే హక్కు. ఆయన ఉండేది రాయగడలో. చుట్టుపక్కల సంఘాలన్నిటికీ ఆయనే పాస్టరు గనక నెలకోసారి రైలు దిగితే గొప్ప. ఆయన వచ్చేదాకా బాప్తిస్మాలు ఆగేవి, పెళ్ళిళ్ళు ఆగేవి. చావులు మాత్రం ఆగేవి కావు.

పెళ్ళయిన కొత్తలో బాలామణికి మగబిడ్డ పుట్టాడు. పురిటి నాళ్ళు తీరకముందే జ్వరం తగిలి పోయాడు. అప్పటి పాదిరిగారు ఊళ్ళో లేరు. బాప్తిస్మం కాని బిడ్డను సమాధుల గోడ లోపల పెట్టకూడదని పెద్దలు అన్నారు. ఆ పెద్దల్లో ధనుంజయ తండ్రి కూడా ఉన్నాడు. ఆయన సంఘానికి ఉపదేశి, పాస్టరు లేనప్పుడు వాక్యం చెప్పేవాడు. గోడకు అవతల, పనసచెట్టు మొదట్లో గొయ్యి తీశారు. తరువాత ఆమెకు పిల్లలు కలగలేదు. ఆ బిడ్డ మాట భార్యాభర్తలు మళ్ళీ ఎత్తుకోలేదు.

రెండేళ్ళ కిందట జీవరత్నం పాస్టరు వచ్చారు. చిన్నవాడు, నెమ్మదస్తుడు. ఒక్కడే ఇన్ని ఊళ్ళు తిరగలేనని, రోగులను చూడటం, వాక్యం చదవడం, చనిపోయినవాళ్ళను సాగనంపడం విశ్వాసులే నేర్చుకోవాలని ఆయన పట్టుబట్టారు. కకిరిగుమ్మ నుంచి బాలామణిని రాయగడకు శిక్షణకు పిలిచారు. అక్కడ ఒక మధ్యాహ్నం ఆయన మామూలుగా ఒక మాట అన్నారు.

"ప్రాణం మీదికొస్తే విశ్వాసి ఎవరైనా బాప్తిస్మం ఇవ్వొచ్చు. మన సంఘంలో ఇది పాత పద్ధతే. మీకు ఎవరూ చెప్పలేదంతే."

ఆ పూట బాలామణికి అన్నం సయించలేదు. ఇంటికి వచ్చి భర్తకు ఆ సంగతి చెప్పబోయింది. ధనుంజయ పూర్తిగా విననే లేదు.

"మా నాన్న ఉపదేశి. ఆయనే ఆ కంచె దాటలేదు. నువ్వు దాటతావేటి? అలాటివి సేస్తే దేవుడు ఊరుకోడు" అన్నాడు. ఆమెకూ అదే భయం.

కిందటి ఆషాఢంలో వాన వదలకుండా కురిసి కొండచరియలు పట్టాల మీద పడ్డాయి. రైళ్ళు ఆగిపోయాయి. ఘాట్ రోడ్డు కూడా ఒకచోట తెగింది. ఆ ముసురులోనే పొద్దున్నే పక్కవీధి అప్పమ్మ తడుచుకుంటూ వచ్చింది. ఆమె కోడలు రష్మికి ఆడపిల్ల పుట్టి వారం కూడా కాలేదు. కొడుకు విశాఖపట్నంలో పనిలో ఉన్నాడు.

"పిల్ల పాలు అట్టుకోట్లేదు. ఊపిరి ఎగరొస్తంది. అయ్యగార్ని పిలిపించండి" అంది అప్పమ్మ.

ధనుంజయ ఫోను చేస్తూనే ఉన్నాడు, సిగ్నలు అందలేదు. అందినా పాస్టరు వచ్చే దారి లేదు. అంబులెన్సు విరిగిపడిన మట్టికి అవతలే నిలిచిపోయిందని ఎవరో చెప్పారు. పిల్లను అక్కడిదాకా మోసుకుపోవడానికి మగవాళ్ళు తాళ్ళూ గొడుగులూ వెతుకుతున్నారు.

బాలామణి వెళ్ళేసరికి పిల్ల పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. రష్మి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అత్తా, రాయగడలో నీకు నేర్పేరంట కదా. నువ్వే ఇయ్యి. పేరు లేకుండా నా పిల్లని పోనివ్వకు."

తన చెయ్యి తగిలితే ఉన్న ప్రాణం కూడా పోతుందేమో అని బాలామణికి అనిపించింది. తాను ఎవరు, ఆ మాటలు నోట పలకడానికి? గుమ్మంలో ధనుంజయ నిలబడి ఉన్నాడు.

"వద్దు బాలా. అది మనం సేసే పని కాదు. పిల్లకేటైనా అయితే ఊరంతా నిన్నే అంటాది."

"ఏటీ సెయ్యకపోతే ఎవర్ని అంటారు?" అంది ఆమె. ఆ మాట తన నోట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు.

స్టీలు గ్లాసులో గోరువెచ్చని నీళ్ళు తెమ్మంది. సగం నీళ్ళు చీర మీదే ఒలికాయి. మిగిలినవి పిల్ల నుదుటి మీద పోసి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం ఇచ్చి సుహాసిని అని పేరు పెట్టింది. మంచం పక్కనున్న రష్మికి మాత్రమే ఆ మాటలు వినిపించాయి. పిల్ల ఏడవలేదు, కదలలేదు. మగవాళ్ళు దాన్ని దుప్పటిలో చుట్టుకుని వానలోకి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకే రష్మి, అప్పమ్మ.

కోరాపుట్ ఆసుపత్రి నుంచి కబురు రావడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ బాలామణి పొయ్యి దగ్గరే కూర్చుంది. వీధిలో అడుగుల చప్పుడైతే తలెత్తి గుమ్మం వైపు చూసేది. ధనుంజయ ఆమె వండింది తినలేదు. చివరికి అప్పమ్మే ఫోను చేసింది. పిల్లకు ఊపిరి ఆడుతోంది, పాలు తాగుతోంది. బాలామణి సంతోషించడానికి కూడా భయపడింది.

పట్టాలు బాగయ్యాక వచ్చిన మొదటి ఆదివారం జీవరత్నం పాస్టరు దిగారు. ఆరాధన అయ్యాక ధనుంజయ లేచి నిలబడ్డాడు.

"ఆ పిల్లకి తమరు మళ్ళీ బాప్తిస్మం ఇయ్యాలయ్యా. జరిగింది సెల్లదు."

పాస్టరు గొంతు సవరించుకున్నారు. పాత కుటుంబాలన్నీ ముందు వరసలోనే కూర్చున్నాయి. ఆయన ముఖానా చెమట పట్టడం బాలామణి చూసింది.

"చెల్లుతుంది పెద్దయ్యా. బాప్తిస్మం ఒక్కసారే. బాలామణిగారు ఇచ్చింది చాలు."

"సెల్లుతాదా?"

"చెల్లుతుంది."

ధనుంజయ తాను కూర్చున్న బెంచీని పట్టుకున్నాడు.

"అయితే పోయిన మా గుంటడి మాటేటయ్యా? ఆ దినం ఇంటినిండా విశ్వాసులమే. మా నాన్న ఉన్నాడు, నానున్నాను. ఒక్క గలాసుడు నీళ్ళు పొయ్యడానికి ఒక్కలమూ ముందుకి రాలేదు. గోడకవతల పెట్టేసి వచ్చేసేం."

ఇన్నేళ్ళూ ధనుంజయ నియమాన్ని పట్టుకున్నది భక్తితో కాదు, ఆ ప్రశ్నను తప్పించుకోవడానికేనని బాలామణికి అప్పుడు అర్థమైంది. వెళ్ళి భర్త పక్కన నిలబడి భుజం పట్టుకుంది. అందరి ఎదుటా ఆమె ఆయన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.

ధనుంజయ సంఘపెద్దగా తప్పుకున్నాడు. కొన్ని ఇళ్ళవాళ్ళు ఇప్పటికీ బాలామణి ప్రార్థనకు వస్తే తలుపు తీయరు. ఇంకొందరు పెరటి దారిన, ఎవరూ చూడకుండా పిలుస్తారు. సుహాసినికి జలుబు చేసిందన్నా బాలామణికి రాత్రంతా నిద్రపట్టదు. అయినా ఎవరు పిలిచినా బైబిలు పట్టుకుని బయలుదేరుతుంది.

"ఎల్లొస్తాను" అంటుంది గుమ్మంలో.

"జాగర్త" అంటాడు ధనుంజయ, లోపలి నుంచి.