బాలకుమారి చెప్పిన సాక్ష్యం

గోవింద్‌పూర్ తెలుగు చర్చిలో ఎవరైనా ప్రార్థన చెయ్యండి అంటే అందరి కళ్ళూ బాలకుమారి మీదకే పోతాయి. ముప్పై ఏళ్ళు చిన్నపిల్లలకి పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆవిడ ప్రార్థన మొదలుపెట్టిందంటే అన్నం చల్లారిపోయి మళ్ళీ వెచ్చబెట్టుకోవాల్సిందేనని భర్త ఆమోసు ఏడిపిస్తుంటాడు. ఒకరి సొమ్ము ముట్టి ఎరగదు, ఒకరి మీద చాడీ చెప్పి ఎరగదు. అలాంటి మనిషి అరవై నాలుగో ఏట, అదీ చర్చిలో నిలబడి, అదీ చనిపోయిన స్నేహితురాలి పేరు చెప్పి అబద్ధమాడింది.

ఆ స్నేహితురాలు తనుశ్రీ బరువా. పక్కింటావిడే. ఎప్పుడో చిట్టగాంగ్ నుంచి వచ్చి స్థిరపడిన బెంగాలీ బౌద్ధుల కుటుంబం. భర్త పోయాక కూతురు మైత్రితో ఉండేది. మైత్రికి బిష్టుపూర్‌లో బ్యాంకు ఉద్యోగం. ఆ పిల్ల పొద్దున్నే వెళ్ళిపోతే ఇక సాయంత్రం దాకా ఆడవాళ్ళిద్దరూ గోడకి అటొకరూ ఇటొకరూ. ఈవిడ హిందీలో సగం తెలుగు, ఆవిడ హిందీలో సగం బెంగాలీ. ఇరవై రెండేళ్ళు ఆ భాషలోనే గడిచిపోయాయి.

"దేవుడు లేడంటావు. మరి ఆ బొమ్మకి దణ్ణమెందుకు పెడతావు?" అని ఒకసారి బాలకుమారి అడిగింది.

"ఆయన దేవుడు కాదు దీదీ, దారి చూపించిన గురువు. నడవాల్సింది మాత్రం మన కాళ్ళతోనే."

వెనకింటి సన్యాసమ్మ ఇది విని, "బుద్ధుడంటే మా ఇష్ణుమూర్తి అవతారమేనమ్మా, మీరూ మేమూ ఒకటే" అని తేల్చేసింది. తనుశ్రీ నవ్వింది గానీ అవునని మాత్రం అనలేదు.

ఆత్మ అనేదే లేదంటారు కదా, మరి మళ్ళీ పుట్టేదెవరని బాలకుమారి ఇంకోసారి నిలదీస్తే, తనుశ్రీ పెరుగు గిన్నె చూపించింది. నిన్నటి పెరుగుతో ఇవాళ పాలు తోడేశాం, ఇది నిన్నటి పెరుగేనా అంటే కాదు, దానికీ దీనికీ సంబంధం లేదా అంటే ఉంది, పుట్టుకా అంతేనంది. బాలకుమారికి మాత్రం మనిషికో ఆత్మ, ఆ ఆత్మకో తీర్పు, తీర్పు తర్వాత నిత్యజీవం ఉండాలి. పెరుగుతో ఆవిడకి తృప్తి కలగలేదు.

అబద్ధమాడకూడదన్న దగ్గర మాత్రం ఇద్దరికీ కలిసింది. అక్కడా తేడా ఉందంది తనుశ్రీ. "మీకు దేవుడు ఆజ్ఞ ఇచ్చాడు. మాకు ఇచ్చినవాళ్ళు లేరు. అబద్ధమాడకుండా బతకడం నేర్చుకుంటానని మాకు మేమే మాట ఇచ్చుకుంటాం. మా అయిదు శీలాల్లో అది నాలుగోది."

"తప్పితే క్షమించేదెవరు?"

"ఎవరూ ఉండరు. చేసిందాని ఫలం చేసినవాళ్ళ వెనకే వస్తుంది. అందుకే ముందే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి."

బాలకుమారికి జాలేసింది. ఒప్పుకుంటే చాలు, కడిగేసే దేవుడు తనకున్నాడు. పాపం, ఈవిడకి ఆ దిక్కు కూడా లేదు.

అంత జాలి పడీ ఏనాడూ మతం మారమనలేదు. అదే చర్చిలో ఆవిడ మీద మచ్చయింది. స్త్రీల సమాజానికి పెద్ద బెట్సీ నాలుగు నెలలకోసారి, "ఇరవై రెండేళ్ళ ఇరుగుపొరుగు. ఒక్క ఆత్మని తేలేకపోయావు కదక్కా" అనేది. నవ్వుతూనే అనేది. కానీ ముల్లు గుచ్చుకోవడానికి గుచ్చినవాడి ముఖం ఎలా ఉంటేనేం?

ఈ వేసవిలో తనుశ్రీకి జబ్బు ముదిరింది. ఆస్పత్రి వాళ్ళు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. మైత్రి బ్యాంకుకి వెళ్ళినప్పుడల్లా బాలకుమారే కూర్చునేది. తనుశ్రీ పోవడానికి మూడు రోజుల ముందు, మధ్యాహ్నం వేళ, ఆవిడ చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసి, ఎన్నేళ్ళ నుంచో నోట్లో నానుతున్న మాట అడిగేసింది.

"తనుశ్రీ, మా ప్రభువుని ఒప్పుకుంటావా?"

తనుశ్రీ కళ్ళు తెరిచి ఆవిడ వైపు చాలాసేపు చూసింది. ఏమీ అనలేదు. కాసేపటికి తనని పక్కకి తిప్పుతుంటే నొప్పికి బాలకుమారి చెయ్యి గట్టిగా నొక్కింది. అది నొప్పేనని బాలకుమారికి తెలుసు. మనం కూడా ఆ సంగతి గుర్తుంచుకుందాం, ఎందుకంటే తర్వాత ఆవిడ తెలియనట్టు నటించింది.

తనుశ్రీ పోయిన తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ ఒకావిడ తన జ్వరం తగ్గిందని చెప్పింది, ఇంకొకావిడ కొడుకు పాసయ్యాడని చెప్పింది. బెట్సీ వెనక్కి తిరిగి బాలకుమారిని చూసింది. బాలకుమారి లేచింది. ప్రభువుని ఒప్పుకుంటావా అని అడిగితే తనుశ్రీ చెయ్యి నొక్కి ఊఁ అందని చెప్పింది. చర్చి అంతా స్తోత్రాలతో మారుమోగింది. పాస్టరుగారికి కళ్ళనీళ్ళు తిరిగాయి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు, ఇది మరీ బాగా అతికింది. ఆ రాత్రి బాలకుమారి దేవుడి దగ్గర ఒప్పుకుంది. కడిగేసుకున్నాననే అనుకుంది. అయినా మర్నాటి నుంచి గోడ దగ్గరికి పోవడం మానేసింది.

రెండు వారాలకి మైత్రి వచ్చి పిలిచింది. చనిపోయిన తల్లికి పుణ్యం చేరాలని సన్యాసులకి భోజనం పెట్టే సంఘదానం. కోల్‌కతా నుంచి భంతే, అంటే వాళ్ళ బౌద్ధ సన్యాసి, వస్తున్నారు. "మీరు నా పక్కన కూర్చోవాలి ఆంటీ. ఇన్నేళ్ళలో మీరు ఒక్కసారి కూడా మా దారిని చిన్నచూపు చూడలేదని అమ్మ అంటుండేది" అంది. బాలకుమారికి తల కొట్టేసినట్టయింది. రానని చెప్పడానికి నోరు రాలేదు, వస్తానని చెప్పడానికి ముఖం చెల్లలేదు.

వెళ్ళింది. వెంట బెట్సీ కూడా బయల్దేరింది. కాషాయం కట్టుకున్న భంతే చాప మీద కూర్చుని ఉన్నారు. చుట్టాలు ఓ ఇరవై మంది. దానం ఇంకా మొదలుపెట్టలేదు. బెట్సీకి నాలుక ఊరుకుంటే కదా. మైత్రి చెయ్యి పట్టుకుని హిందీలో ఓదార్చింది.

"దిగులు పెట్టుకోకమ్మా. మీ అమ్మ ప్రభువు దగ్గరే ఉంది. ఆఖర్న ఒప్పుకుంది కదా. మా అక్క నీకు చెప్పలేదా?"

మైత్రి ముఖం పాలిపోయింది. బాలకుమారిని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"ఏ రోజు ఆంటీ? ఆ చివరి రెండు రోజుల్లోనా? నిజంగా అమ్మ అలా అనుకుంటే చెప్పండి. భంతేగారికి క్షమాపణ చెప్పి ఇదంతా ఆపేస్తాను. అమ్మకి ఇష్టం లేనిది చెయ్యను."

తప్పించుకోవడానికి దారి ఇంకా ఉంది. ఊఁ అంటే చాలు. బాలకుమారి స్టవ్ మీద ఉడుకుతున్న పాయసం వైపు చూస్తూ చెప్పింది. "ఒప్పుకోలేదమ్మా. పక్కకి తిప్పినప్పుడు నొప్పికి నా చెయ్యి నొక్కింది. నాకు తెలుసు. తెలిసే చర్చిలో అబద్ధం చెప్పాను. నన్ను క్షమించు."

మైత్రి స్టవ్ మంట తగ్గించింది. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు.

"మీరు అడిగిన రోజు సాయంత్రం అమ్మ నాకు చెప్పింది ఆంటీ" అంది చివరికి. "మీరడిగింది తనకి వినపడిందట. 'ఊఁ అనేస్తే దీదీ మనసు నిండిపోయేది. అందామనే అనుకున్నాను. కానీ అబద్ధమైపోతుంది కదా. దీదీ దగ్గర అబద్ధమెలా ఆడను?' అంది. మిమ్మల్ని నొప్పించానేమోనని రాత్రంతా బాధపడింది."

సిగ్గంటే ఇన్నాళ్ళూ బాలకుమారికి పదిమందిలో తలవంపులే. తను ఒక్కతే ఉన్నా, ఎవరూ తిట్టకపోయినా, ఒంటి మీద తోలు ఒలిచేసినట్టు ఉండే సిగ్గు ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

బయటికొచ్చి బెట్సీ ఎదురుగా నిలబడింది.

"బెట్సీ, తనుశ్రీ ఒప్పుకోలేదు. అది నేను కల్పించి చెప్పిన అబద్ధం. వచ్చే ఆదివారం చర్చిలో కూడా ఇదే చెప్తాను."

బెట్సీ కంగారుగా చుట్టూ చూసింది. "ఏటక్కా ఇది, మెల్లిగా మాటాడు. అందరూ ఇంటన్నారు."

"ఇనాలనే చెప్తన్నాను" అంది బాలకుమారి. ఆ ఇంట్లో తెలుగు తెలిసినవాళ్ళు లేరు కాబట్టి, అదే మాట మళ్ళీ హిందీలో, భంతేకీ చుట్టాలకీ వినపడేలా చెప్పింది. చెబుతున్నంతసేపూ తల మాత్రం ఎత్తలేకపోయింది.