వడదెబ్బ వార్డులో పట్టీల మంచం

కరోనా తగ్గాక వచ్చిన రెండో ఎండాకాలం నన్ను మహారాష్ట్రలో చంద్రపూర్‌లోని ఒక పెద్దాసుపత్రిలో వడదెబ్బ వార్డుకు ఇన్‌చార్జ్ సిస్టర్‌గా వేశారు. ఇన్‌చార్జ్ అంటే వార్డులోని నర్సులందరి పనికీ జవాబుదారీ. ఆ పైన మేట్రన్. అడవుల్లో బీడీలకు తునికాకు కోసేదీ ఆ ఎండల్లోనే కాబట్టి మంచాలు ఖాళీ ఉండేవి కావు.

వడదెబ్బకు మొదటి వైద్యం ఒళ్లు చల్లబరచడం. తడిబట్ట కప్పి, చంకల్లో, గజ్జల్లో మంచు సంచులు పెట్టి, కూలర్ గాలి తగిలిస్తాం. ఆలస్యమైతే మెదడు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మా చిక్కంతా రెక్సిన్ పరుపులతో. నీళ్లు వీపు కింద నిలిచి వేడెక్కేవి.

తెలంగాణ సరిహద్దులోని జివతి వైపు నుంచి వచ్చిన స్టాఫ్ నర్సు సరిత ఒక పొద్దున డ్యూటీ మారే వేళ నా దగ్గరికొచ్చింది. "అక్కా, నైలాన్ పట్టీల మంచం మీద పండవెడితే ఏమైతది? నీళ్లు కిందికి కారుతయి, వీపుకు గూడ గాలి తగులుతది" అంది. వెంటనే గొంతు తగ్గించి, "మేట్రన్ మేడంకు నా పేరు చెప్పకు. ఏమన్న అయితే మెమో నాకే వస్తది" అంది.

ఉత్త భయం కాదది. పక్కన కమ్మీలు లేని మంచం మీంచి రోగి పడితే తప్పు నర్సు మీదికే వస్తుంది. నేను వార్డు డాక్టరుతో మాట్లాడాను. చెరో పక్క ఒక నర్సు నిలబడాలని, జ్వరం ఎంతుందో ఎప్పటికప్పుడు చూస్తూ ఉండాలని షరతు పెట్టి ఆయన ఒప్పుకున్నారు. మేట్రన్ ఒకే ఒక్క మంచానికి అనుమతిచ్చి, జవాబు మాత్రం నేనే చెప్పాలన్నారు. ముందు సరితే తడిదుప్పటి కప్పుకుని దాని మీద పడుకుని చూసింది. కాసేపటికే వణికింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ వారమే గోండ్‌పిప్రి నుంచి తునికాకు కోసే ఒకామెను స్పృహ లేకుండా తెచ్చారు. ఒళ్లు పెనంలా కాలుతోంది. తెరలు కట్టి, పట్టీల మంచం మీదికి మార్చి నీళ్లు చల్లుతుండగానే ఫిట్స్ వచ్చాయి. తేలిక మంచం, ఎగిరిపడింది. సరిత కాళ్లను ఒడిసిపట్టుకుంది. నేను తల పక్కకు తిప్పి పట్టుకున్నాను. డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చారు. జ్వరం ఎంతకీ దిగదే! ఎందుకు ఒప్పుకున్నానా అనిపించింది. చివరికి మెల్లగా దిగింది. సాయంత్రానికి ఆమె భర్తను గుర్తుపట్టింది.

తర్వాత కొన్నాళ్లకు అదే మంచం మీద ఒక హమాలీ చనిపోయాడు. అతన్ని తేవడమే బాగా ఆలస్యమైంది. బెడ్డు ఇవ్వకుండా ఇంటి మంచం మీద చంపారని అతని తమ్ముడు వరండాలో కేకలేశాడు. విచారణ పెట్టారు. సరిత నా వెంటే తిరిగింది.

"అక్కా, నన్ను పిలుస్తరా?"

"పిలిస్తే ఏం చేసినవో చెప్పు. ఎందుకు చేసినమో నేను చెప్త."

విచారణలో నన్ను మొదట అడిగింది, ఈ ఆలోచన ఎవరిదని. ఆలోచన వార్డుదని, అనుమతి అడిగింది నేనని చెప్పాను. వైద్యం చేయించింది తానని డాక్టరు అన్నారు. సరితను పిలవలేదు. చావుకు మంచం కారణం కాదని తేల్చి, దాని కాళ్లు కదలకుండా బిగించమన్నారు. మెమో ఎవరికీ రాలేదు.

వార్డులో నర్సులందరూ ఇదంతా గమనిస్తూనే ఉన్నారు. ఆ మరునాడు వందన వచ్చింది. మీటింగుల్లో ఎన్నడూ నోరు తెరవని నర్సు ఆమె. కూలర్ మూతి నుంచి మంచం దాకా దుప్పటిని గొట్టంలా కడితే గాలి చెదరదని మరాఠీలో చెప్పింది. కట్టి చూశాం, పనికొచ్చింది.

కొత్తగా ఆలోచించండని నర్సులకు శిక్షణ తరగతుల్లో చాలాసార్లు చెప్పారు. నేను చూసినంతలో, ముందు మాట్లాడినామెకు ఏమైందో చూశాకే మిగతావాళ్లు నోరు విప్పుతారు. కాబట్టి ఒక పనికి అనుమతి అడిగే రోజే, అది చెడితే జవాబు ఎవరు చెప్పాలో కూడా తేల్చుకోవాలి.