గుంటలోంచి లేచిన ఊరు

అల్ ఖర్జ్ దగ్గరి పాల ఫారంలో నేను మెయింటెనెన్సు పని చేసేవాణ్ణి. సౌదీవాళ్లకే ఉద్యోగాలివ్వాలన్న నితాఖత్ ఒకవైపు, పరాయి మనిషి ఒక్కొక్కడి మీద నెలనెలా కట్టాల్సిన లెవీ మరోవైపు. కంపెనీ మమ్మల్ని వదిలించుకునే పనిలో పడింది. అక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డు గడువు దగ్గరపడింది. రెన్యువల్ చేస్తారో, ఖురూజ్ కొట్టి ఇంటికి పంపేస్తారో తెలియదు. పంపితే కరీంనగర్ పక్కన మా ఊరి గుట్టను తవ్వే గ్రానైటు క్వారీయే గతి. ఆ గుంటలో మా నాయన పనిచేశాడు, నేనూ చేశాను. ఆ దుమ్ముకో దండం పెట్టి విమానమెక్కినవాణ్ణి, మళ్లీ అందులో దిగాలంటే ప్రాణం పోయినంత పనయ్యేది.

ఆ రోజుల్లోనే, పాలు పిండే యంత్రాలు చూసుకునే స్కాట్లాండు ముసలాయన కూడా వెళ్లిపోతున్నాడు. ఆయన కుర్చీలో సౌదీ ఇంజనీరు కూర్చోబోతున్నాడు. ఆయన ఉంటున్న విల్లా గోడల మీది పటాలు దించి, మేకుల బొక్కలు పూడ్చి, రంగెయ్యమని నన్ను పంపారు. అంతటి మనిషికే దిక్కులేదు, ఇక నాకెవడు ఇఖామా కొట్టిస్తాడని సణుక్కుంటూ వెళ్లాను.

పటాలన్నీ ఒకే ఊరివి. ఆయన పుట్టిన అబర్డీన్. కొన్ని ఆయన తాత కాలం నాటివట, వీధుల్లో గుర్రబ్బండ్లున్నాయి. చర్చి, బ్యాంకు, వంతెన, వరుస ఇళ్లు. మొదటిది దించి గోడకానించాను. రెండోది దించుతూ ఆగిపోయాను. ఎక్కడా ఇటుక లేదు, సున్నం లేదు.

"ఇదంతా గ్రానైటేనా సార్?" అన్నాను హిందీలో.

"కుల్లు హజర్," అన్నాడాయన, అంతా రాయే అని. అరబ్బీ, హిందీ, ఇంగ్లీషు కలగలిపి కొట్టేవాడు.

స్టూలు దిగి అలాగే నిలబడిపోయాను. మా రాయి నాకు దిమ్మెగానే తెలుసు. క్రేను లేపి లారీకెక్కిస్తుంది, అంతటితో సరి. అది స్తంభమై, గోపురమై, ఎవరింటి కిటికీకో అంచై నిలబడితే ఎలా ఉంటుందో ఎన్నడూ చూసి ఎరగను. ఒళ్లు జలదరించింది. దేవుడి ముందు కూడా నాకంత భక్తి కలగలేదంటే నమ్మండి.

చివరి పటంలో ఒక పెద్ద గుంట. అడుగున మనుషులు చీమలంత ఉన్నారు. అంచు రాళ్ల మీద వరుసగా సగం సగం బొక్కలు. రంధ్రాలు తొలిచి, ఇనుప చీలలు దిగ్గొట్టి, రాయిని చీల్చిన గుర్తులవి. మా నాయన చీల్చిన రాయి మీదా అచ్చం అవే ఉంటాయి. ఎక్కడి స్కాట్లాండు, ఎక్కడి కరీంనగర్! కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఊరు సగం ఇందులోంచే లేచింది," అన్నాడాయన. "ఇప్పుడిది నీళ్లతో నిండిపోయింది. మా తాత ఇక్కడే పనిచేశాడు. ఆ బ్యాంకు మెట్లు నేను కొట్టినవేనని మమ్మల్ని తీసుకెళ్లి మరీ చూపించేవాడు. వాన వెలిసి ఎండ పడితే ఊరంతా మెరుస్తుంది."

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను.

"ఏం సూసి గింత పరేషానైతున్నవ్?" అంది నా భార్య.

"ఊరంత గ్రానైటేనే! గుళ్లు, బడులు, ఇండ్లు, అంత గుంటల్నుంచి తీసి కట్టుకున్నరు."

"మరి మన గుట్ట గూడ గంత పెద్దగ ఉండె గదా. గది ఏడికి వోయింది?"

రాయి ఓడరేవుకు పోతుందని తెలుసు, ఆ తర్వాత సంగతి తెలియదు. మా ఊరి గుడికి సిమెంటు, బడికి రేకులు. గుట్ట మొత్తం కరిగిపోయింది గాని, దాని రాయితో కట్టింది ఊళ్లో ఒక్కటీ లేదు.

నాకు ఖురూజే వచ్చింది. అనుకున్నదే అయినా ఏడ్చాను. ముసలాయన వెళ్తూ వెళ్తూ గుంట పటం నా చేతిలో పెట్టాడు.

మళ్లీ క్వారీలో దిగాను. దుమ్ము అదే, ఎండ అదే, నా తిట్లూ అవే. కాకపోతే, పగులుందని కొనేవాళ్లు వద్దన్న దిమ్మె ఒకటి ఓనర్ని అడిగి తెచ్చుకున్నాను. మూలనపడ్డ నాయన చీలలు తీసి, ఆయన పద్ధతిలోనే చీల్చి, గడప ముందర మెట్టు వేశాను. మర్నాడు పొద్దున నా భార్య వాకిట్లో నీళ్లు చల్లింది. మెట్టు మీద ఎండ పడింది.

"ఓ, జల్ది రా! మెరుస్తున్నది సూడు!" అని కేకేసింది.

ఇంటికి ఎవరొచ్చినా సరే, ఆ మెట్టు నేను కొట్టిందేనని చెప్పందే లోపలికి రానివ్వను.