సాబ్ ఇచ్చిన సాన ముక్క

పెళ్లికార్డుల అట్టల దొంతరను కట్టర్ కింద బిగించి కత్తి దించగానే ఒక వాసన వస్తుంది. కొత్త కాగితం, బంగారు రంగు పూత, కాస్త జిగురు కలిసిన వాసన. బాన్సువాడ బస్టాండు వెనక సందులో మా ప్రెస్సు తలుపు తెరిస్తే రోజూ నన్ను పలకరించేది అదే. ఈ ఉదయం మాత్రం అది నన్ను కాసేపు పని చేసుకోనివ్వలేదు. బల్ల మీద ఒక ఫారం ఉంది. కొత్త మిషన్ అమ్మినవాళ్లు హైదరాబాదులో వారం రోజుల ట్రైనింగ్ ఇస్తారట, ఒక్కరికే. మధ్యాహ్నం లోపు పేరు రాసి పంపాలి. నా పేరే రాసుకుందామని పెన్ను తీశాను. బల్ల అద్దం కింద నుంచి కత్తులు నూరే సాన బొమ్మ ఉన్న పాత అట్టముక్క నన్నే చూస్తోంది. పెన్ను మూత పెట్టేశాను.

ఆ ముక్క యాకూబ్ సాబ్‌ది. ఈ ప్రెస్సు పెట్టింది ఆయనే. పన్నెండేళ్ల కిందట నేను కంప్యూటర్ మీద అక్షరాలు కొట్టే పనికి ఇక్కడ చేరాను. సర్కారు కొలువుల పరీక్షలు రాసి రాసి, ప్రతిసారీ గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చినదాన్ని. మా వాళ్లకు నా మీద నమ్మకం పోయింది. నాకైతే అంతకు ముందే పోయింది. సన్నగా, పొడుగ్గా, చెవిలో ఎప్పుడూ పెన్సిల్‌తో ఉండే ఈ మనిషి మాత్రం నా సర్టిఫికెట్లు చూడనే లేదు. "తెలుగు తప్పు లేకుండ కొడ్తవా బిడ్డా?" అని అడిగారు. కొడతానన్నాను. ఎంత మాట అన్నానో తర్వాత తెలిసింది.

అప్పట్లో మధ్యాహ్నం కరెంటు పోయేది. మిషన్లు ఆగితే సాబ్, మిషన్ నడిపే మల్లేశన్న, నేను ముగ్గురం ఆట వేసేవాళ్లం. సాబ్ చెల్లెలి కొడుకు హైదరాబాదు నుంచి ఏదో ఇంగ్లీషు ముక్కలాట తెచ్చి ఆడించాడట. ఆట నచ్చింది కానీ అందులోని రాక్షసులూ మంత్రాలూ సాబ్‌కు నచ్చలేదు. మిగిలిపోయిన పెళ్లికార్డుల బొమ్మలు కత్తిరించి అట్టలకు అంటించి సొంత ఆట తయారు చేశారు. దీపం అన్నిటికంటే చిన్నది, దాని పైన కలశం, ఆపైన నెమలి, అన్నిటికన్నా పెద్దది ఏనుగు. మొదట్లో అందరికీ పది దీపాలే. చేతికి అయిదు ముక్కలు తీసుకోవాలి, వాటి బలం కొద్దీ మధ్యలో పరిచిన అంగడి నుంచి మంచి ముక్క కొనుక్కోవాలి. వాడినవీ కొన్నవీ ఒక పక్కన పడతాయి. కట్ట అయిపోతే వాటినే కలిపి మళ్లీ తీయాలి. అంటే మనం కొన్నవే తిరిగి తిరిగి మన చేతికి వస్తాయన్నమాట. ముందుగా మూడు ఏనుగులు కూడబెట్టినవాళ్లు గెలిచినట్టు. వీటితోపాటు మనిషికొకటి సాన ముక్క. అది ఆటకు ఒక్కసారే పనికొస్తుంది. చేతిలోని ఏదో ఒక ముక్కను ఆటలోంచే తీసేసి, దానికంటే ఒక మెట్టు పైది తెచ్చుకోవచ్చు.

ఒక్కసారే కదా అని నేను సానను ప్రాణంలా దాచుకునేదాన్ని. నెమలి చేతికి రాగానే దానికి పెట్టి ఏనుగును చేసేదాన్ని. ఎంత గర్వమో! తర్వాత నాలుగు చేతులు వరసగా దీపాలే వచ్చేవి. ఏనుగు ఎక్కడో కట్ట అడుగున నిద్రపోయేది. సాబ్ మాత్రం సాన చేతికి వచ్చిన మొదటిసారే దాన్ని ఒక దీపానికి పెట్టేసేవారు. చూస్తే వృథా అనిపించేది. ఆట చివరికి ఆయనే గెలిచేవారు.

"గట్లెట్ల సాబ్? ఏనుగు చేస్కోక కలశం చేస్కుంటరా?" అని ఒకరోజు అడిగేశాను.

"ఏనుగుదేముంది, అంగట్ల కొనుక్కోవచ్చు. కానీ నీ కట్టలకెల్లి దీపాన్ని తీసేసేది ఏదన్న ఉన్నదా? సాన ఒక్కటే. ముందుగాల్నే పెడితే బాగుపడ్డ ముక్క ఆటంత నీ చేతికొస్తనే ఉంటది. ఆఖర్ల పెడితే సూస్కొని మురిసేతందుకే." మల్లేశన్న నవ్వి, "సాబ్ ముచ్చట్లు గింతే, మనం నేర్సుకునేసరికి కరెంటొస్తది" అన్నాడు. నిజంగానే వచ్చింది.

నేను చేరిన ఆర్నెల్లకు ఆ తప్పు జరిగింది. బిచ్కుంద దగ్గరి పల్లె నుంచి ఒక రైతు కుటుంబం పెళ్లికార్డు ఇచ్చింది. ప్రతి కార్డూ కొత్తగా ఎవరు కొడతారు? పాత కార్డు తెరిచి పేర్లు మార్చడం మా అలవాటు. పెళ్లికొడుకు పేరు, ముహూర్తం, ఊరు అన్నీ మార్చాను. తాత పేరు కూడా మార్చాను. ఆ పేరు ముందున్న 'కీ.శే.' మాత్రం మార్చలేదు. పాత కార్డులోని తాత నిజంగానే పోయాడు. ఈ కార్డులోని గంగారాం తాత బతికే ఉన్నాడు. కార్డులు ఊళ్లు ఊళ్లు పంచేశారు. డోంగ్లి నుంచి చుట్టాలు ఏడుస్తూ వస్తే, ఎదురుగా అరుగు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడట ఆయన.

మర్నాడే కర్ర పట్టుకుని బస్సెక్కి ప్రెస్సుకు వచ్చాడు. "గీ ప్రెస్సుల నన్ను సంపినోళ్లెవరు?" అని గుమ్మంలోంచే కేక. సాబ్ లేచి కుర్చీ వేసి, "నేనే తాతా. చూస్కోవాల్సింది నేను, చూస్కోలె. తప్పు నాదే" అన్నారు. కంప్యూటర్ వెనక నా ఏడుపు దాగలేదు. తాత నా దగ్గరికి వచ్చి వంగి చూశాడు. "మంచిగ సూడు బిడ్డా. బతికున్ననా లేనా?" నేను తల ఊపాను. "ఆఁ, గట్ల రాయి మరి" అని వెళ్లి కుర్చీలో కూర్చున్నాడు. కార్డులన్నీ మళ్లీ వేశాం. ఆయన సాయంత్రం దాకా కదలకుండా చదివి చూసుకుని మరీ పట్టుకెళ్లాడు.

ఆయన వెళ్లాక మల్లేశన్న మెల్లగా అన్నాడు, "ఏమనుకోకు సాబ్, గీ పిల్లతోని అయ్యేటట్టు లేదు." కోపం రాలేదు నాకు. నేనూ అదే అనుకుంటున్నాను మరి. ఇక్కడ కూడా గుమ్మం దాకే అని తేలిపోయింది. రేపటి నుంచి రానని ఎలా చెప్పాలో ఆ రాత్రంతా లోపల్లోపలే కూడబలుక్కున్నాను.

పొద్దున నేను నోరు తెరవక ముందే సాబ్ ఒక కాగితం చేతిలో పెట్టారు. ఆఫ్‌సెట్ మిషన్‌కు తగ్గట్టు డిజైను చేయడం నేర్పే ట్రైనింగ్, హైదరాబాదులో. ఒక్క సీటే. అందులో నా పేరు రాసి ఉంది. మల్లేశన్న మొహం మాడిపోయింది. "ఏంది సాబ్ గిది? పదిహేనేండ్ల సంది చేస్తున్న. నన్ను పంపకుండ, మొన్న గంత తప్పు చేసినామెను పంపుతరా?"

"మల్లేశా, నువ్వు మిషన్ మొత్తం ఇప్పి కండ్లు మూస్కొని మళ్ల బిగిస్తవ్. నువ్వు ఏనుగువి. నీకు కావాల్సింది నువ్వే ఏడనన్న నేర్సుకుంటవ్. సానను దీపానికి పెట్టాలె."

దీపం! అందరి ముందూ నన్ను దీపం అన్నారు. అంటే ఈ కట్టలో అన్నిటికంటే చిన్న ముక్కను నేనేనన్నమాట. అది నిజమే కావడం ఇంకా మంట. హైదరాబాదు బస్సులో కూర్చుని దారి పొడుగునా ఆయన్ని తిట్టుకున్నాను. ఆ కోపంతోనే వారం రోజులు పక్కకు తల తిప్పకుండా నేర్చుకున్నాను. దయతో పంపి ఉంటే అంత నేర్చుకునేదాన్ని కాదేమో.

తిరిగి వచ్చేసరికి నా బల్ల ముందు ఒక కుర్చీ వేసి ఉంది. ఇకపై ఏ కార్డైనా అచ్చుకు వెళ్లే ముందు ఆ ఇంటి పెద్దమనిషిని అందులో కూర్చోబెట్టి నేను పైకి చదవాలి. చదవడం తేలికే. కానీ ప్రతి పెద్ద పేరు దగ్గరా ఈయన ఉన్నాడా, పోయాడా అని ఎలా అడగడం? పెళ్లి పని మీద వచ్చినవాళ్లను ఆ మాట అడిగితే చెప్పు తీస్తారు. సాబే నేర్పారు: "ఉన్నడా అని అడగొద్దు. 'పెద్దాయన పెండ్లికి వస్తుండా?' అని అడుగు. ఉంటే ఎందుకు రాడంటరు. లేకుంటే వాళ్లే చెప్తరు." ఈ ఒక్క ప్రశ్నతో ఇన్నేళ్లుగా ఒక్క తాతనూ చంపలేదు నేను. మల్లేశన్న కూడా కొన్నాళ్లకు కోపం మరిచి, తన కూతురి పెళ్లికార్డు నా చేతే చేయించుకున్నాడు.

షుగరు ముదిరి సాబ్‌కు చూపు మందగించింది. ప్రెస్సు నా చేతికి వచ్చింది. అయినా మధ్యాహ్నం వచ్చి ఆ కుర్చీలో కూర్చునేవారు. కరెంటు పోవడం ఎప్పుడో ఆగిపోయింది. మేమే కాసేపు మిషన్ ఆపి ఆడేవాళ్లం. ఆయన ముక్కల్ని కళ్లకు దగ్గరగా పెట్టుకునేవారు. చివరిసారి ఆడిన రోజున ఆయనకు రెండు ఏనుగులున్నాయి, నాకు ఒక్కటే. ఆయన చేతిలో సాన అలాగే ఉంది. ఎప్పుడూ మొదట్లోనే వాడే మనిషి!

"సాబ్, సాన మర్చిపోయిన్రు."

"మర్చిపోలె. ఈసారి కట్ట అడుగునున్నది, గిప్పుడొచ్చింది. ఇంకో రెండు చేతులైతే నా ఆట ఒడుస్తది. ఇప్పుడు బాగుచేస్కున్న ముక్క మళ్ల నా చేతికొస్తదా? రాదు. నీకింక చానా చేతులున్నయ్." ముక్కను బల్ల మీద నుంచి నా వైపు జరిపారు.

"వేరేటోళ్లకు ఇయ్యొచ్చని రూల్ లేదు కద సాబ్."

"రూల్ రాసిందే నేను బిడ్డా."

ఆ ఆట ఆయనే గెలిచారు. తర్వాత నెల తిరగకుండానే పోయారు.

నలభయ్యవ రోజు ప్రార్థనకు కార్డు వేయమని వాళ్లింటి నుంచి కబురు వచ్చింది. ఉర్దూ ఒక పక్క, తెలుగు ఒక పక్క. తెలుగు నేనే కొట్టాను, కొత్త ఫైలు తెరిచి, ఒక్కో అక్షరం. ఆయన భార్యను మేం అమ్మీ అంటాం. భర్త పోయాక ఆమె గడప దాటకూడని రోజులవి. అందుకే కాగితం పట్టుకుని నేనే వెళ్లి ఎదురుగా కూర్చుని చదివాను. ఊరు, రోజు, కొడుకుల పేర్లు అయ్యాయి. మన 'కీ.శే.' లాంటి 'మర్హూం' అన్న మాట దాటి ఆయన పేరు చదివాను. అప్పుడు నా నోరు, పాడు అలవాటు, దానంతటదే అడిగేసింది: "సాబ్ వస్తుండ్రా అమ్మీ?"

నాలుక కొరుక్కున్నాను. ఆమె నా చేతిలోని కాగితాన్ని నిమిరి, "లేడు బిడ్డా. గట్లనే ఉండనీ, మంచిగ రాసినవ్" అంది. ఆ రోజు ఏడ్చినంతగా మా ఇంట్లోవాళ్ల కోసం కూడా నేను ఏడవలేదు.

ఇదంతా తలుచుకునేసరికి ఫారం మీద ఎండ పడింది. నాకీ పని వచ్చు. రానిది ఎక్కడైనా నేర్చుకుంటాను. అవతలి బల్ల దగ్గర, ఈ మధ్యే అక్షరాలు కొట్టే పనికి చేరిన లావణ్య తల దించుకుని కూర్చుంది. పోయిన నెల నేను లేని రోజున, ఎవరికీ చదివి వినిపించకుండానే అచ్చుకిచ్చిన ఒక పెళ్లికార్డులో ఫంక్షన్ హాలు పేరు పాతదే ఉంచేసింది, చుట్టాలు సగం మంది వేరే పెళ్లికి వెళ్లి భోంచేసి వచ్చారు. అప్పటి నుంచి నా మొహం చూడటం లేదు. మానేస్తుందని అందరూ అనుకుంటున్నారు. నేను పెన్ను తీసి ఆమె పేరు రాసి, అద్దం కింద నుంచి సాన ముక్క లాగి, రెండూ ఆమె ముందు పెట్టాను.

"నన్నెందుకక్కా? నాకేమొస్తది?"

"ఏం రాదు. అందుకే."

దాని మొహం కందగడ్డలా అయింది. కోపం వచ్చింది. రానీ, హైదరాబాదు దాకా దారి చాలా ఉంది.